పెరటి కొలనులో చేపలకు గుళికల మేత (ప్రసంగ పాఠం)

సభికులందరికీ నమస్కారం.

పెరట్లో చిన్న కొలను కట్టించుకొని, అందులో కోయి చేపలనో గోల్డ్‌ఫిష్‌లనో వదిలి, రోజూ గుళికల మేత వేస్తున్నవారు ఈ సభలో చాలామంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. ఆ మేత గురించే మాట్లాడమన్నారు. ఏ కంపెనీ మేత మంచిదో తెలుసుకుందామని వచ్చినవారు కొందరు ఉండవచ్చు. ఆ చర్చలోకి నేను వెళ్లను. పెరటి కొలనుల్లో నాసిరకం మేత తిని జబ్బుపడే చేపల కంటే, మంచి మేతే మోతాదు మించి పడటం వల్ల నీరు చెడి జబ్బుపడే చేపలే ఎక్కువని నా అభిప్రాయం. కాబట్టి ఎంత మేత వేయాలన్నది చేప చూపే ఆత్రాన్ని బట్టి కాకుండా, ఆ నీరు ఎంత మోయగలదన్న లెక్కను బట్టి నిర్ణయించుకోవాలి. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగిలినదంతా దీనికి వివరణ.

ముందుగా ఆ ఆత్రం సంగతి చూద్దాం. మనం గట్టు మీదికి రాగానే చేపలన్నీ ఒక్క మూలకు చేరి, నీటిపైకి నోళ్లు తెరిచి చప్పరిస్తాయి. అది చూసి 'పాపం, ఆకలితో ఉన్నాయి' అనుకొని మరో గుప్పెడు వేస్తాం. ఇది ఆకలికి కొలమానం కాదు, అలవాటుకు గుర్తు. కార్ల్ వాన్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్త ఒక చూపులేని క్యాట్‌ఫిష్‌కు మేత వేసే ముందు ప్రతిసారీ ఈల వేసేవాడు. కొన్నాళ్లకు మేత లేకపోయినా ఈల వినగానే ఆ చేప తన గొట్టంలోంచి బయటికి రావడం మొదలుపెట్టింది. ఆ ఫలితాన్ని ఆయన 1923లో ప్రచురించాడు. తేనెటీగల నాట్యభాషను వివరించి 1973లో నోబెల్ బహుమతి పంచుకున్నది కూడా ఆయనే. కోయి, గోల్డ్‌ఫిష్, క్యాట్‌ఫిష్‌లలో ఈత తిత్తి నుంచి లోపలి చెవి వరకు చిన్న ఎముకల వరుస ఒకటి ఉంటుంది. ఈత తిత్తిలోని గాలి శబ్దానికి కంపించినప్పుడు ఆ కంపనం ఈ ఎముకల గుండా చెవికి చేరుతుంది. అందువల్ల ఇవి చాలా చేపల కంటే బాగా వినగలవు. గట్టు మీద మన అడుగుల చప్పుడు, మేత డబ్బా మూత తీసిన శబ్దం వాటికి చక్కగా తెలుస్తాయి. అరగంట క్రితం కడుపునిండా తిన్న చేప కూడా ఆ చప్పుడుకు పైకి వస్తుంది. ప్రకృతిలో రేపటి తిండికి భరోసా లేదు కనుక దొరికినప్పుడు తినడమే దాని స్వభావం. 'చాలు' అని అది చెబుతుందని ఎదురుచూస్తే మనం తప్పక అతిగా వేస్తాం.

ఇక తిన్న మేత లోపల ఏమవుతుందో చూద్దాం. కోయి అంటే బంగారుతీగ చేపలో రంగుల రకం. గోల్డ్‌ఫిష్ కూడా అదే కుటుంబానికి చెందినది. ఈ కుటుంబపు చేపలకు జీర్ణాశయం లేదు. ఆహారాన్ని కొంతసేపు నిలవ ఉంచి, ఆమ్లంలో నానబెట్టి, కొద్దికొద్దిగా పేగులోకి వదిలే సంచి వాటి శరీరంలో ఉండదు. గొంతు దాటిన ముద్ద నేరుగా పేగులోకే పోతుంది. ట్రౌట్‌కూ క్యాట్‌ఫిష్‌కూ జీర్ణాశయం ఉంది కనుక అవి ఒక పెద్ద పూటతో సరిపెట్టుకోగలవు. కోయి శరీర నిర్మాణం మాత్రం రోజంతా అడుగు బురదను కెలుకుతూ, దొరికిన పురుగును, గింజను, నాచు ముక్కను కొంచెం కొంచెంగా తినేందుకు ఏర్పడినది. దానికి ఒకేసారి పెద్ద మోతాదు వేస్తే వెనుక వచ్చిన మేత ముందున్న మేతను నెట్టుకుపోతుంది, సగం అరిగిన పదార్థం మలంగా నీటిలో పడుతుంది. మనం డబ్బు పెట్టి కొన్న మాంసకృత్తులు చేప కండరంగా మారకుండా కొలను అడుగున బురదగా చేరతాయి. అందుకే మొత్తం అంతే అయినా ఒక్కసారి వేయడం కంటే మూడు నాలుగు సార్లుగా పంచి వేయడం మేలు.

కోయి ఒక గుళికను తినే తీరును మీరు దగ్గరగా గమనించండి. అది గుళికను కొరకదు, ఎందుకంటే దాని దవడలకు పళ్లు లేవు. నోటిని గొట్టంలా ముందుకు సాచి, నీటితో పాటు గుళికను లోపలికి పీల్చుకుంటుంది. నోరు మూసి నీటిని మొప్పల చీలికల గుండా బయటికి పంపుతుంది. ఆ తరువాత ఒక క్షణం ఆగుతుంది. అంగిలి మీద రుచి మొగ్గలతో నిండిన మెత్తటి కండ ఒకటి ఉంటుంది. బురదలోంచి తిండిని వేరుచేసే పని దానిది. నచ్చకపోతే గుళిక చటుక్కున బయటికి వచ్చేస్తుంది. నచ్చితే గొంతులో ఉన్న దంతాలు, విసురురాళ్ల మధ్య గింజలా, పుర్రె అడుగున ఉన్న గట్టి పలక మీద దాన్ని నలిపేస్తాయి. గుళికను పదే పదే ఉమ్మి మళ్లీ తీసుకుంటున్న చేపను చూస్తే ఆ గుళిక పరిమాణం దాని నోటికి పెద్దదో, గట్టిదో, లేదా పాతబడి రుచి మారినదో అయి ఉంటుంది. కొలనులో వేర్వేరు సైజుల చేపలు ఉన్నప్పుడు అన్నిటికంటే చిన్న చేప నోటికి సరిపడే గుళికనే ఎంచుకోవడం మంచిది. పెద్ద చేప చిన్న గుళికను సులువుగా తింటుంది, చిన్న చేప పెద్ద గుళికను తినలేదు.

గుళిక తయారీ గురించి కాస్త చెప్పుకుంటే దాన్ని ఎలా వాడాలో, ఎలా దాచాలో సులువుగా అర్థమవుతుంది. చేపల పొడి, సోయా చెక్క, గోధుమ వంటి ధాన్యపు పిండి, విటమిన్లు, ఖనిజాలు కలిపిన మిశ్రమానికి ఆవిరి, తేమ పట్టించి, గట్టి ఒత్తిడితో, నీరు మరిగే స్థాయిని మించిన వేడితో, సన్నటి రంధ్రాల గుండా బయటికి నెడతారు. లోపలి ఒత్తిడి నుంచి బయటపడిన మరుక్షణం మిశ్రమంలోని నీరు ఒక్కసారిగా ఆవిరై, గుళికను లోపలినుంచి ఉబ్బిస్తుంది. ఆ ఉబ్బులో మిగిలిన గాలి గదుల వల్లే గుళిక నీటిపై తేలుతుంది. ఒత్తిడిని, వేడిని తగ్గించి తయారుచేస్తే అదే మిశ్రమం మునిగే గుళిక అవుతుంది. ఉడికిన పిండి పదార్థం జిగురై గుళికను పట్టి ఉంచుతుంది, చేపకు తేలికగా అరుగుతుంది కూడా. చివరగా ఎండబెట్టి, పైన నూనె చల్లుతారు. కొత్త సంచి విప్పి మొదటి గుప్పెడు వేసినప్పుడు నీటి మీద సన్నటి నూనె పొర ఒకటి రంగులు తేలుతూ పాకడం మీరు చూసే ఉంటారు. అది ఆ పైపూత నూనే.

తేలే గుళికా మునిగే గుళికా అన్న ప్రశ్నకు నా సమాధానం సూటిగానే ఉంటుంది. పెరటి కొలనుకు తేలే గుళికే మేలు. అందులో పోషకం ఎక్కువని కాదు. ఎంత తిన్నాయో, ఎంత మిగిలిందో కళ్లకు కనబడుతుంది, మిగిలినదాన్ని వలతో తీసేయవచ్చు, రోజుకు ఒక్కసారైనా ప్రతి చేపనూ పైకి రప్పించి దాని ఒంటిని, రెక్కలను చూసుకోవచ్చు. మునిగే మేత ఎటు పోయిందో మనకు తెలియదు. పైకి రావడానికి జంకే చేపలు, అడుగునే తిరిగే రకాలు ఉన్నప్పుడు మాత్రం కొద్దిగా మునిగే మేత కలపక తప్పదు.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఇందులో కొన్ని అంకెలు వస్తాయి, దయచేసి కాస్త ఓపిక పట్టండి. మేత విషయంలో మనం చేసే ప్రతి నిర్ణయమూ చివరికి ఈ లెక్క దగ్గరికే వస్తుంది.

5,000 లీటర్ల కొలను ఒకటి ఉందనుకుందాం. అందులో ఒక్కొక్కటి సుమారు 30 సెంటీమీటర్ల పొడవు, అరకిలో బరువు ఉన్న కోయి చేపలు పది ఉన్నాయి. అంటే మొత్తం 5 కిలోల చేప. శరీర బరువులో ఒక శాతం చొప్పున రోజుకు 50 గ్రాముల మేత వేస్తున్నాం, ఆ మేతలో మాంసకృత్తులు 35 శాతం. అంటే రోజుకు 17.5 గ్రాముల మాంసకృత్తులు కొలనులోకి వెళ్తున్నాయి. మాంసకృత్తుల్లో సుమారు 16 శాతం నత్రజని ఉంటుంది కనుక ఆ నత్రజని 2.8 గ్రాములు. చేప తన ఒంటికి పట్టించుకునేది అందులో మూడో వంతు ఉంటే గొప్ప. మిగిలినదాంట్లో కొంత మలంలో పోగా, ఎక్కువ భాగం అమ్మోనియా రూపంలో మొప్పల గుండా నేరుగా నీటిలోకి వస్తుంది. దాన్ని తక్కువలో తక్కువగా 1.5 గ్రాములు అనుకుందాం. 5,000 లీటర్లలో 1.5 గ్రాములంటే లీటరుకు 0.3 మిల్లీగ్రాములు. ఇది ఒక్క రోజు లెక్క. శుద్ధిచేసే ఏర్పాటు ఏదీ లేకపోతే వారం తిరిగేసరికి లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటుతుంది.

ఆ 2 మిల్లీగ్రాములు ప్రమాదమా కాదా అన్నది నీటి పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత, నిర్ణయిస్తుంది. నీటిలోని అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. విద్యుదావేశం గల అయానుగా మారిన అమ్మోనియం చేపకు పెద్దగా హాని చేయదు. అయాను కాని స్వేచ్ఛా అమ్మోనియా మొప్పల పొరను దాటి రక్తంలోకి చొరబడుతుంది, అదే విషం. నీరు 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్నప్పుడు పీహెచ్ 7 అయితే మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే అది 5 శాతం దాటుతుంది, 8.5 వద్ద సుమారు 15 శాతం, 9 వద్ద మూడో వంతుకు మించి ఉంటుంది. అంటే మన ఉదాహరణలోని 2 మిల్లీగ్రాముల అమ్మోనియాలో పీహెచ్ 7 వద్ద విషరూపం లీటరుకు సుమారు 0.01 మిల్లీగ్రామే, చేప భరించగలదు. పీహెచ్ 8.5 వద్ద అదే 0.3 మిల్లీగ్రాములవుతుంది. చేపలకు దీర్ఘకాలం లీటరుకు 0.02 నుంచి 0.05 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు. ఒకే మేత, ఒకే చేపలు, ఒకే అమ్మోనియా కొలత ఉన్నా ఒక కొలను క్షేమంగా, మరొకటి ప్రమాదంలో ఉండటానికి కారణం ఇదే. 'పక్కింటివాళ్లు ఇంతకు రెట్టింపు వేస్తున్నారు, వాళ్ల చేపలకు ఏమీ కాలేదు' అనే వాదన ఎందుకు నిలవదో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ అమ్మోనియాను తొలగించే పని ఫిల్టర్‌లోని బ్యాక్టీరియాది. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, మరొక రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్‌ను మొక్కలు, నాచు వాడుకుంటాయి. మిగిలినది నీటి మార్పిడితో పోతుంది. మధ్యలో వచ్చే నైట్రైట్ కూడా చెడ్డదే. అది రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థాన్ని పాడుచేసి, మొప్పలను గోధుమ రంగులోకి మారుస్తుంది. కొత్త ఫిల్టర్‌లో ఈ బ్యాక్టీరియా తగినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీరు చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ. అందరూ మరచిపోయే విషయం ఒకటి ఉంది. బ్యాక్టీరియా సంఖ్య రోజూ అందే అమ్మోనియాకు తగ్గట్టుగానే ఉంటుంది, రేపటి కోసం అదనంగా సిద్ధమై ఉండదు. రోజుకు 50 గ్రాములకు అలవాటుపడిన కొలనులో పండుగ అనో, బంధువుల పిల్లలు వచ్చారనో ఒక్కరోజు 150 గ్రాములు వేస్తే, పైన పడిన 100 గ్రాముల భారాన్ని మోయడానికి అక్కడ బ్యాక్టీరియా లేదు. మేత పెంచదలచినప్పుడు వారానికి కొంచెం చొప్పున పెంచడమే పద్ధతి.

ఆ బ్యాక్టీరియా పని ఉచితంగా జరగదు. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేట్‌గా మార్చడానికి సుమారు 4.6 గ్రాముల ప్రాణవాయువు ఖర్చవుతుంది. మన ఉదాహరణలోని 1.5 గ్రాములకు ఇది దాదాపు 7 గ్రాములు. 30 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో కరిగి ఉండగల ప్రాణవాయువు సుమారు 7.5 మిల్లీగ్రాములు. అంటే 5,000 లీటర్ల కొలనులో ఏ సమయంలోనైనా నిలవ ఉండేది ఎక్కువలో ఎక్కువ 37 గ్రాములు. అందులో ఐదో వంతుకు సమానమైనది రోజూ ఒక్క బ్యాక్టీరియాకే పోతుంది. చేపల శ్వాస, తిన్నది అరిగించుకోవడానికి వాటికి అదనంగా కావలసింది, అడుగున కుళ్లే మలం తినేది, రాత్రివేళ నాచు పీల్చేది, ఇవన్నీ దానికి అదనం. గాలి పంపో జలపాతమో నిరంతరం నడుస్తూ ఉండాలనేది అందుకే. మేత కొట్టుకుపోకుండా ఉండటానికి పంపు ఆపేవారు కొందరుంటారు. ఆపడం వరకు బాగానే ఉంటుంది, తిరిగి వేయడం మరచిపోతారు. తేలే రింగు ఒకటి నీటిలో కట్టి, దాని లోపల మేత వేస్తే పంపు ఆపవలసిన పనే లేదు.

ఇక వేళల విషయం. నీటిలో ప్రాణవాయువు అతి తక్కువగా ఉండేది తెల్లవారుజామున. రాత్రంతా చేపలు, బ్యాక్టీరియా, నాచు అన్నీ వాడుకున్నాయి, తయారుచేసేది ఏదీ లేదు. సూర్యుడు వచ్చాక నాచు, మొక్కలు మళ్లీ ప్రాణవాయువును వదలడం మొదలుపెడతాయి. కాబట్టి మొదటి మేత ఎండ వచ్చి గంటో రెండు గంటలో గడిచాక వేయడం మంచిది. మేత తిన్న కొన్ని గంటలకు చేప వదిలే అమ్మోనియా గరిష్ఠ స్థాయికి చేరుతుంది. చీకటి పడబోయే ముందు పెద్ద మోతాదు వేస్తే ఆ అమ్మోనియా, అరుగుదలకు కావలసిన అదనపు ప్రాణవాయువు అవసరం రెండూ రాత్రి మీద పడతాయి. అలాగని మొత్తం మేతను ఉదయమే వేసేయడం కూడా సరికాదు. నీరు పచ్చగా ఉన్న కొలనుల్లో నాచు బొగ్గుపులుసు వాయువును లాగేసుకోవడం వల్ల మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాకా ఎగబాకవచ్చు. ఉదయపు పెద్ద మేత తాలూకు అమ్మోనియా సరిగ్గా ఆ వేళకే వచ్చి చేరుతుంది. కాబట్టి ఎండ వచ్చాక ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సూర్యాస్తమయానికి కనీసం మూడు గంటల ముందు ఒకటి చొప్పున చిన్న మోతాదులుగా పంచమని నేను చెబుతాను. ఉద్యోగానికి వెళ్లేవారికి ఇది కష్టమే. అలాంటివారికి గడియారంతో పనిచేసే మేత యంత్రం నిజంగా ఉపయోగపడుతుంది, అయితే లోపల తేమ చేరి గుళికలు గడ్డకట్టకుండా చూసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైన కొలత ఉష్ణోగ్రత. చేప శరీరం తన వేడిని తాను నిలుపుకోదు. నీరు ఎంత వేడిగా ఉంటే దాని జీవక్రియ అంత. వెచ్చటి నీటిలో కొన్ని గంటల్లో పేగు దాటే మేత చల్లటి నీటిలో రోజుల తరబడి లోపలే ఉండిపోవచ్చు. నీరు 10 డిగ్రీల కంటే తక్కువగా ఉన్నప్పుడు కోయికీ గోల్డ్‌ఫిష్‌కీ మేత పూర్తిగా ఆపేయాలి. అవి ఒంట్లో నిలవ ఉన్న కొవ్వుతో నెలల తరబడి గడుపుతాయి. 10 నుంచి 15 డిగ్రీల మధ్య రెండు మూడు రోజులకు ఒకసారి, మాంసకృత్తులు తక్కువగా ఉండి తేలికగా అరిగే మేతను చిటికెడంత వేస్తే చాలు. ఈ కాలానికని గోధుమ గింజలోని మొలక భాగం (వీట్ జెర్మ్) ఆధారంగా తయారుచేసిన గుళికలు దొరుకుతాయి. అవి మంచివే, కాని నా దృష్టిలో సంచి మీది పేరు కంటే మోతాదు తగ్గించడమే ముఖ్యం. 15 నుంచి 20 వరకు రోజుకు ఒకసారి, శరీర బరువులో అర శాతం నుంచి ఒక శాతం. 20 నుంచి 28 వరకు పెద్ద చేపలకు ఒకటి నుంచి రెండు శాతం. 30 దాటితే మళ్లీ తగ్గించాలి, సగానికి తెచ్చినా తప్పులేదు. వేడి నీటిలో చేప చురుగ్గా అడుగుతుంది, అదే సమయంలో నీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది, అమ్మోనియాలో విషరూపం వాటా పెరుగుతుంది. ఉష్ణోగ్రతను ఎండ తగిలే పై పొరలో కాకుండా చేపలు తిరిగే లోతులో కొలవాలి.

శరీర బరువులో శాతం అన్నాను. చేపను పట్టి తూకం వేయమని ఎవరినీ అడగను. దానివల్ల చేపకు కలిగే ఒత్తిడే ఎక్కువ. పొడవు అంచనా వేస్తే సరిపోతుంది. అయితే పొడవు రెట్టింపైతే బరువు రెట్టింపు కాదు, సుమారు ఎనిమిది రెట్లవుతుంది. 30 సెంటీమీటర్ల కోయి అరకిలో ఉంటే 60 సెంటీమీటర్ల కోయి నాలుగు కిలోల దాకా తూగుతుంది. చేపలు చిన్నవిగా ఉన్నప్పుడు సరిపోయిన కొలను రెండు మూడేళ్లకే ఇరుకైపోవడానికి కారణం ఇది. చేపల సంఖ్య మారలేదు కదా అనుకుంటాం. బరువు మాత్రం ఎన్నో రెట్లు పెరిగి ఉంటుంది. మేతను మాత్రం తూచి తీరాలి. గుప్పెడు అనేది కొలత కాదు. మీ గుప్పెడు, మీ అబ్బాయి గుప్పెడు ఒకటి కావు, 2 మిల్లీమీటర్ల గుళికల గుప్పెడు, 6 మిల్లీమీటర్ల గుళికల గుప్పెడు ఒకే బరువు ఉండవు. వంటింటి త్రాసు మీద ఒక్కసారి తూచి, ఆ పరిమాణానికి ఒక చిన్న డబ్బా మీద గీత గీసి పెట్టుకోండి. ఇంట్లో ఎవరు వేసినా ఆ గీత వరకే. సంచి మారినప్పుడు మళ్లీ తూచాలి.

వేసేటప్పుడు అంతా ఒక్కచోట కుమ్మరిస్తే పెద్ద చేపలు ఆక్రమించుకుంటాయి. మూడు నాలుగు విడతలుగా, రింగు కాస్త వెడల్పుగా ఉండేలా చూసి వేస్తే చిన్నవాటికీ దక్కుతుంది. ఐదు నిమిషాల్లో తినేయనిది ఆ పూటకు ఎక్కువైనట్టు, వలతో తీసేయండి. నానిన గుళిక అంచులు మెత్తబడి, విచ్చుకొని, వేలితో తాకితే పొడిగా రాలిపోయే దశకు వచ్చిందంటే అది ఇక చేప తినేది కాదు, నాచుకు ఎరువు. నాచును పెంచే భాస్వరం కూడా మేతలో ఉంటుందని విడిగా చెప్పనవసరం లేదు. నీరు పచ్చబడుతోందని మందులు కొనేవారు ముందు మేత డబ్బా వైపు చూస్తే ఖర్చు తగ్గుతుంది.

చేప పిల్లల లెక్క వేరు. వాటికి రోజుకు ఐదు శాతం, ఇంకా చిన్నవైతే అంతకు మించి కూడా కావాలి, పొడిలా సన్నటి మేతను రోజుకు ఐదారు సార్లు వేయాలి. వాటిని పెద్ద కొలనులో కాకుండా విడిగా తొట్టిలో పెంచితేనే ఈ పద్ధతి సాధ్యం.

నిలవ గురించి రెండు మాటలు. గుళిక పైనున్న నూనె గాలి తగిలి ముక్కిపోతుంది. ముక్కిన వాసన మీ ముక్కుకు తెలుస్తుంది. అలాంటి మేత చేప కాలేయానికి హాని చేస్తుంది. తేమ తగిలితే బూజు పడుతుంది, కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. బూజును దులిపేసి వేయడం వల్ల ఆ విషం పోదు. చేపలు సి విటమిన్‌ను తమంతట తాము తయారుచేసుకోలేవు, ఆ విటమిన్ నిలవలో త్వరగా నశిస్తుంది. అది చాలినంత అందక పెరిగే చేపకు వెన్ను వంకర పోవచ్చు. కాబట్టి పెద్ద సంచి చవకని కొనకండి. విప్పిన తరువాత మూడు నెలల్లో అయిపోయేంత మాత్రమే కొని, మూత బిగువైన డబ్బాలో, ఎండ తగలని చల్లటి చోట ఉంచండి. మేత గది కొలను పక్కనే ఉండాలనే ముచ్చట చాలామందికి ఉంటుంది. తేమకు అంతకన్నా అనువైన చోటు లేదు.

రంగు పెంచే మేత గురించి ఎప్పుడూ అడుగుతారు. ఎరుపు, నారింజ రంగులకు కావలసిన కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలను చేప స్వయంగా తయారుచేసుకోదు, తిండి నుంచి తీసుకోవాలి. స్పిరులినా అనే నాచు, అస్టాజాంథిన్ అనే ఎర్ర కెరోటినాయిడ్ కలిపిన మేత వల్ల ఎరుపు ముదిరే మాట నిజమే. అయితే ఉన్న రంగును ముదిరించడమే తప్ప, చేపలో పుట్టుకతో లేని మచ్చను ఏ మేతా తేలేదు.

మేత ఆపవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. అమ్మోనియా లేదా నైట్రైట్ పరీక్షలో ఏ కొంచెం కనబడినా ఒకటి రెండు రోజులు ఆపండి. చేపకు దానివల్ల ఏమీ కాదు, నీటికి ఊపిరి అందుతుంది. చేపలను మరో చోటికి తరలించే ముందు ఒక రోజైనా ఆపాలి, లేకపోతే సంచిలోని నీరు వాటి మలంతోనే చెడిపోతుంది. కొత్తగా తెచ్చిన చేపకు మొదటి రోజు మేత అక్కర్లేదు. చేపలు ఉన్నట్టుండి మేత మానేస్తే ముందుగా మేత మార్చకండి, ముందుగా నీటిని పరీక్షించండి. నోళ్లు పైకి తెరిచి, జలపాతం కింద గుంపుగా చేరి ఉంటే అది ఆకలి కాదు, ప్రాణవాయువు కొరత. ఆ సమయంలో మేత వేయడం ప్రమాదాన్ని పెంచుతుంది.

ఇందాక రెండు చీటీలు అందాయి. మొదటిది, గుళికలకు బదులు రొట్టె ముక్కలు వేయవచ్చా అని. ఒక పిల్లవాడు సరదాగా ఒక ముక్క వేస్తే కొంప మునగదు, మేతగా మాత్రం పనికిరాదు. అందులో చేపకు కావలసిన మాంసకృత్తులు, విటమిన్లు చాలినంత లేవు. పైగా క్షణాల్లో నాని విడిపోయి నీటిని చెడగొడుతుంది.

రెండో చీటీ, రెండు వారాలు ఊరికి వెళ్లవలసి వస్తే ఏం చేయాలని. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు ఒకటి రెండు వారాలు మేత లేకుండా ఉండగలవు. కొలనులో నాచు, దోమ పిల్లలు, నీటి పురుగులు ఎలాగూ ఉంటాయి. వెళ్లే ముందు రోజు 'కడుపు నింపి' వెళ్లడం మాత్రం వద్దు, ఎవరూ చూడని సమయంలో నీరు చెడేందుకు అదే దారి. ఎవరికైనా అప్పగించక తప్పదనుకుంటే డబ్బా వాళ్ల చేతికి ఇవ్వకుండా, రెండు రోజులకు ఒకటి చొప్పున తూచిన పొట్లాలు కట్టి ఇచ్చి, డబ్బాను దాచేయండి. చేపల ఆత్రం చూసి జాలిపడేది మనం ఒక్కళ్లమే కాదు. ఫిల్టరు, గాలి పంపు నడుస్తున్నాయో లేదో రోజూ చూడమనడం మేత వేయమనడం కంటే ముఖ్యం. తిరిగి వచ్చాక పూర్తి మోతాదుతో మొదలుపెట్టవద్దు. అమ్మోనియా అందక ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా కూడా ఈలోగా తగ్గి ఉంటుంది. పావు మోతాదుతో మొదలుపెట్టి, రోజు విడిచి రోజు నీటిని పరీక్షిస్తూ, వారం పది రోజుల్లో పాత మోతాదుకు చేరుకోండి.